ఒకటిన్నర వోల్టు గోడు

ఒకటిన్నర వోల్టుని మూడు చిల్లర వోల్టులు చెయ్యడం ఎంత పనండీ? 2023లో మనవాళ్ళు చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర బండి నడిపారు. అలాంటి దేశంలో, వాసవీ అమ్మవారు వెలసిన పెనుగొండలో, వేళకి ఇంటిపన్ను కట్టే ఓ గృహస్థు ఒక్క పెన్సిల్ సెల్లుతో మోగే చిన్న గంట చేయించుకుందామనుకుంటే, ప్రపంచంలో ఉన్న ఐసీలన్నీ కూడబలుక్కుని అడ్డం పడ్డాయి. నేనడిగింది అణు రియాక్టరు కాదు. ట్యాంకు నిండితే కుయ్‌మనాలి.

మీకూ మేడ మీద ట్యాంకు ఉండే ఉంటుంది కాబట్టి సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. మోటారు వేస్తారు. వేసినవాళ్ళు పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెడతారు. చూసినవాళ్ళు, వేసినవాళ్ళే కట్టేస్తార్లే అనుకుంటారు. చూడనివాళ్ళు టీవీ చూస్తుంటారు. ఈలోగా ట్యాంకు నిండి, పొర్లి, సన్‌షేడు మీంచి దూకి, పక్కింటి పిన్నిగారి గోడ తడిపి, ఆవిడ ఆరబెట్టుకున్న వడియాలు తడిపి, రెండు కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి నిలబడ్డ సత్సంబంధాల్ని పునాదులతో సహా తడిపేస్తుంది. మోటారు కట్టడం మర్చిపోవడం ఏ ఒక్కరి నేరమూ కాదండి, అది సమష్టి బాధ్యతారాహిత్యం. భగవద్గీతలో దీనికి పరిష్కారం లేదు. వెతికాను.

కరెంటు మీద నడిచే గంటలు బజార్లో బోలెడున్నాయి కదా అంటారు మీరు. ఉన్నాయి. మేడ మీద, నీళ్ళ పక్కన, 230 వోల్టుల తీగ లాగడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. న్యాయమే. పోనీ కిటికీ దోమతెరకి చిన్న చిల్లు పెట్టి సన్నతీగ ఇంట్లోకి దింపుకుంటానంటే దానికీ ఒప్పుకోలేదు. అది మాత్రం అన్యాయం, కానీ ఆ కోర్టు మీద అప్పీలు లేదు. కాబట్టి గంటా, సెల్లూ, దాని సరంజామా యావత్తూ ఒక ప్లాస్టిక్ డబ్బాలో మేడ మీదే కాపురం ఉండాలని తీర్మానమైంది.

సెల్లు విషయానికొస్తే, మా ఇంట్లో సెల్లు చావదు, పదవీ విరమణ చేస్తుంది. మొదటి ఉద్యోగం టీవీ రిమోట్‌లో. అక్కడ చానలు మారడం మానేస్తే ముందు వెనకమూత మీద నొక్కుతారు, తరవాత మూత తీసి సెల్లుని బొటనవేలితో గుండ్రంగా దొర్లిస్తారు, రిమోట్‌ని తొడకేసి కొడతారు, అప్పటికీ మాట వినకపోతే ఓ పూట ఎండలో పెడతారు. ఆ తరవాత గోడ గడియారంలోకి బదిలీ. గడియారం కూడా పావుతక్కువ నాలుగు దగ్గర వణుకుతూ నిలబడిపోతే అప్పుడు సొరుగులోకి. పారేద్దామని చేత్తో పట్టుకోగానే "ఇంకా ప్రాణం ఉందండీ" అంటుంది మా ఆవిడ. మల్టీమీటరు పెట్టి చూస్తే నిజమే, 1.1 వోల్టు. ఆల్కలైన్ సెల్లు కొత్తలో ఒకటిన్నర పైన మొదలై, దిగుతూ దిగుతూ 0.9 దాకా ఎంతోకొంత ఇస్తూనే ఉంటుంది. ఆ చివరి మెట్ల మీద నడవగలిగే పరికరం మనింట్లో లేక, పాపం దాన్ని చచ్చిందంటాం. అలాంటివి మా సొరుగులో ఓ బెటాలియన్ ఉన్నాయి. జాతీయ సంపద అలా మూలుగుతుంటే చూస్తూ ఊరుకోవడానికి నా మనసొప్పలేదు. పైగా సొరుగు మూత పడటం లేదు.

ఇలాంటివి మూడు వరసగా పెడితే ఏ తతంగమూ అక్కర్లేదు కదా అనేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. సొరుగులో ఏ రెండు సెల్లులకీ ఈడూజోడూ కుదరదండి. వరసలో పెడితే బలహీనమైంది ముందు ఖాళీ అవుతుంది. మిగిలినవి ఊరుకోకుండా దానిలోంచే కరెంటు తోసి దాన్ని తిరగేస్తాయి. అది కారిపోయి, స్ప్రింగుల మీద తెల్లగా పొంగి, డబ్బా మొత్తాన్ని తనతో తీసుకుపోతుంది. కనక ఒక్కటే సెల్లు. ఆ ఒక్కదాని 1.1 వోల్టుని గంటని నడిపే చిప్పుకి కావలసిన 3.3కి ఎక్కించాలి. ఈ ఎక్కించేదాని పేరు బూస్ట్ కన్వర్టరు. ఇక్కడితో నా మనశ్శాంతి సమాప్తం.

గోదావరి వాళ్ళకి దీని పని చిటికెలో చెప్పొచ్చు. ఎత్తిపోతల పథకమే. పట్టిసీమ దగ్గర 24 పంపులు పెట్టి గోదావరి నీళ్ళని పోలవరం కుడికాలవలోకి ఎత్తిపోసినట్టు, ఇది పల్లంలో ఉన్న వోల్టుని మెరకలో పోస్తుంది. పంపుల బదులు ఇక్కడున్నది ఒక కాయిలూ, ఒక స్విచ్చూ. స్విచ్చు వేస్తే కాయిల్లో కరెంటు పెరుగుతుంది. ఠక్కున తీసేస్తే, ఆగడం ఇష్టంలేని కాయిలు ఎదురుతిరిగి, సెల్లు వోల్టుకి తన వోల్టు కలుపుకుని డయోడు గుండా అవతలికి తోసేస్తుంది. అవతల కెపాసిటరు దాన్ని పట్టుకుంటుంది. ఇలా సెకనుకి లక్షల సార్లు. అయితే ఎత్తిపోతల్లో ఉచితం అన్నది లేదు కదా! అవతల 3.3 వోల్టుల దగ్గర 100 మిల్లీ యాంపియర్లు కావాలంటే, కన్వర్టరు నూటికి 85 వంతులు నిజాయితీగా పనిచేసినా, 1.2 వోల్టుల సెల్లు 320 మిల్లీ యాంపియర్ల పైచిలుకు కక్కాలి. రిమోట్‌లో ఒకసారి, గడియారంలో ఒకసారి రిటైరైన ప్రాణికి ఈ శిక్ష ఏ సెక్షను కింద వేస్తారో నాకు తెలీదు.

నా కోరిక చిన్నది. ఇంట్లోవాళ్ళవి చిన్నవి కావు. "నిండినప్పుడే కాదురా, అయిపోయేముందు కూడా కుయ్‌మనాలి, స్నానం మధ్యలో నీళ్ళాగిపోతే సబ్బుతో నిలబడేది నేను" అంది మా అమ్మ. అంటే ఈ యంత్రం నిమిషానికోసారి లేచి, నీళ్ళెంతవరకున్నాయో చూసి, మళ్ళీ పడుకోవాలన్నమాట. సరే అన్నాను. భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు "మావయ్యా, గంటెందుకు, వైఫై పెట్టేద్దాం, ఫోనుకి మెసేజొస్తుంది" అన్నాడు. వాడు చెప్పిన వైఫై చిప్పు ఈఎస్‌పీ8266 పడుకున్నప్పుడు 20 మైక్రో యాంపియర్లతో బుద్ధిమంతురాలే. లేచి వైఫై మాట్లాడిన క్షణంలో మాత్రం 300 మిల్లీ యాంపియర్లు, ఒక్కోసారి ఆపైన, లాగుతుంది. లెక్క వేసి చూడండి. మన 1.1 వోల్టు సెల్లు ఒక యాంపియరు పైన ఇవ్వాలి. ఇవ్వబోయి అది కుంగుతుంది. కుంగిన కొద్దీ కన్వర్టరు అదే పని జరగాలని ఇంకా ఎక్కువ లాగుతుంది. లాగిన కొద్దీ అది ఇంకా కుంగుతుంది. పడిపోతున్న ముసలాణ్ణి చెయ్యి పట్టుకుని బావిలోకి దింపడాన్ని సాయం అనరు. పైగా మెసేజు వచ్చేది ఎవరికి? పెనుగొండలో ట్యాంకు పొర్లుతుంటే, భీమవరం హాస్టల్లో వాడి ఫోను మోగుతుంది.

అయినా కుర్రాడు ఊరుకోక రెండు బోర్డులు తెచ్చాడు. మొదటిది నీలం రంగుది, అరవై రూపాయల లోపే, దాని మీద బుల్లి ఇత్తడి మర. ఆ మర తిప్పితే వోల్టు మారుతుందట. మల్టీమీటరు తగిలించి, చిన్న స్క్రూడ్రైవరుతో తిప్పడం మొదలెట్టాడు. తిప్పాడు. అంకె కదల్లేదు. ఇంకా తిప్పాడు. మా అమ్మ వచ్చి చూసి, అరటికాయ తరిగి, మళ్ళీ వచ్చి చూసింది. అంకె అక్కడే ఉంది. ఇక అది చెడిపోయిందని మేం పంచనామా రాసే సమయానికి, ఒక్క పావు చుట్టుకి ఒక్కసారి దిగొచ్చింది. తీరా అంతా సరిచేసి సొరుగు సెల్లు తగిలిస్తే నిమ్మకి నీరెత్తినట్టు ఉంది. రెండు వోల్టులకి తక్కువైతే ఆ జాతి బోర్డులు కళ్ళే తెరవవుట. ఒక్క సెల్లు అని మొదటి నుంచీ మొత్తుకుంటున్నది నేనొక్కణ్ణే.

రెండోది ఫోన్ చార్జరు మూతిలాంటి సాకెట్టున్న బుల్లి బోర్డు. ఇది 0.9 వోల్టుకే లేస్తుంది, ఐదు వోల్టులు ఇస్తుంది, చక్కగా ఇచ్చింది కూడా. ఇవ్వడమే కాదు, ఇస్తున్నానని చాటుకోడానికి నెత్తిన ఓ ఎర్ర దీపం వెలిగించుకుంది. ఆ దీపం ఎవరికోసమండీ? మూత బిగించిన డబ్బాలో, మేడ మీద, అర్ధరాత్రి, ట్యాంకు వెనక! బల్లులు చదువుకుంటాయా? ఆ దీపం రెండు మిల్లీ యాంపియర్లే తిందనుకుందాం. ఐదు వోల్టుల దగ్గర రెండంటే, సెల్లు దగ్గరికొచ్చేసరికి కన్వర్టరు కమీషను కూడా కలిపి పది. కొత్త ఆల్కలైన్ సెల్లులో రెండువేల మిల్లీ యాంపియర్ అవర్లు ఉన్నాయనుకున్నా రెండువందల గంటలు, అంటే ఎనిమిది రోజుల చిల్లర. ట్యాంకు నిండినా నిండకపోయినా, మీరు ఊళ్ళో ఉన్నా లేకపోయినా. సొరుగు సెల్లయితే శనివారం దాటదు.

ఇదండీ నా అసలు బాధ. ఈ సమస్త ప్రపంచంలో ప్రతివాడూ ఇది ఎంత ఇస్తుందో చెప్తాడు. రెండు యాంపియర్లు ఇస్తుంది, 28 వోల్టులు ఇస్తుంది, 96 శాతం సామర్థ్యం, అట్టపెట్టె మీద, బోర్డు వెనక, ఎక్కడ చూసినా ఇవ్వడమే. ఖాళీగా కూర్చున్నప్పుడు ఎంత తింటుందన్నది మాత్రం ఎవడూ పెద్ద అక్షరాల్లో రాయడు. మా గంట రోజుకి మోగేది మహా అయితే ఒక్క నిమిషం. తక్కిన 1439 నిమిషాలూ దానికి పనిలేదు. ఆ పనిలేని వేళ తిండికి దొరగారి భాషలో క్వయిసెంట్ కరెంటని గంభీరమైన పేరుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. నేను పెడుతున్నది కొండ కూడా కాదు, గడియారం వదిలేసిన సెల్లు.

ఇక డేటాషీట్లు. మొదటి పేజీ మొదటి వరస చదివితే ఆనందబాష్పాలు వస్తాయి. మైక్రోచిప్ వాళ్ళ ఎంసీపీ1640 అని ఒకటుంది. 0.65 వోల్టుకే నిద్రలేస్తుందట. లేచాక సెల్లు 0.35కి దిగినా నడుస్తుందట. ఊరికే ఉన్నప్పుడు 19 మైక్రో యాంపియర్లే తింటుందట. మైక్రో అంటే మిల్లీలో వెయ్యోవంతు! సొరుగు మొత్తానికి పునర్జన్మ ప్రాప్తించింది అనుకుని, కింద చిన్న అక్షరాల కోసం కళ్ళజోడు మార్చుకున్నాను. 0.65 దగ్గర లేచేది అవతల బరువు ఒక్క మిల్లీ యాంపియరు ఉన్నప్పుడు. ఆ 19 కొలిచింది అవుట్‌పుట్ వైపు. సెల్లు వైపు ఎంతో తెలియాలంటే వోల్టుల నిష్పత్తితో మనమే హెచ్చవేసుకోవాలి. 1.2 నుంచి 3.3కి ఎత్తితే 52 అవుతుంది. సరే, 52 అయినా కొత్త సెల్లు నాలుగేళ్ళు లాగుతుంది, నేను మరీ అంత పట్టుదల మనిషిని కాను. కానీ ప్రతి అంకె పక్కనా 'టిపికల్' అని ఓ మాట పెడతారు చూడండి, ఆ అంకెలన్నీ 25 డిగ్రీల దగ్గర తీసినవి. మే నెల మిట్టమధ్యాహ్నం పెనుగొండలో మేడ మీద, ట్యాంకు పక్కన, 25 డిగ్రీలు ఏ మూల దొరుకుతాయో చెప్పండి. సెల్లు సంగతి తరవాత, ముందు నేను వెళ్ళి కూర్చుంటా.

ఇంకా పై మెట్టులో తపస్సంపన్నులున్నారు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీపీఎస్61099 ఊరికే ఉంటే ఒక్క మైక్రో యాంపియరు తింటుంది. మ్యాక్స్17222 అయితే అంతకన్నా నిష్ఠాపరురాలు, 300 నానో యాంపియర్లు, అంటే మైక్రోలో మూడోవంతు కూడా లేదు. కార్తీక సోమవారాలు చేసే మా అమ్మ కూడా ఆ ఉపవాసం విని చేతులు జోడించింది. చిక్కెక్కడంటే, మొదటిది దొరికే సైజుల్లో ఒకటి 1.23 మిల్లీమీటర్లు పొడవు, 0.88 వెడల్పు. కాళ్ళు లేవు. కింద ఆరు టంకపు చుక్కలుంటాయి, వాటిని బోర్డు మీద ఆరు చుక్కలకి సరిగ్గా అతికించాలి. నాకు దగ్గరి చూపుకి ఒక కళ్ళజోడు, దూరపు చూపుకి ఒక కళ్ళజోడు. ఈ చూపుకి ఏ డాక్టరూ ఇంకా అద్దాలు రాయలేదు.

ఎల్‌టీసీ3108 గురించి కూడా చెప్పి ఊరుకుంటాను. దానికి సెల్లే అక్కర్లేదు, 20 మిల్లీ వోల్టులు చాలు. ఒంటి వేడికీ గది చల్లదనానికీ ఉన్న తేడాలోంచి ఆ కాస్త పుట్టించే పలకలుంటాయి, వాటి మీద బతికేస్తుంది. దివ్యమైన ఆలోచన. మా ఊళ్ళో మే నెలలో ఒంటి వేడికీ గది వేడికీ తేడా ఎక్కడేడిసింది?

కాళ్ళున్న జాతి లేకపోలేదండి. హోల్టెక్ అనే తైవాన్ కంపెనీ హెచ్‌టీ7733 మామూలు ట్రాన్సిస్టరు ఆకారంలో మూడు కాళ్ళతో దొరుకుతుంది, 0.7 వోల్టు దగ్గర లేస్తుంది, తిండీ మితమే. మనిషిని మనిషిగా చూసే ఐసీ అది. దాని చుట్టూ కావలసింది ఒక కాయిలు, ఒక షాట్కీ డయోడు, రెండు కెపాసిటర్లు. ఈ నాలుగు సరుకులకీ ఊరి మీద పడ్డాం. ఒక కొట్లో "కాయిల్ ఉందాండీ" అంటే "ఫ్యాన్‌దా, మోటార్‌దా, దోమలదా మేష్టారూ?" అన్నాడు. వంద మైక్రో హెన్రీలది అన్నాను. దోమలదే చేతిలో పెట్టాడు. ఇంకో కొట్లో షాట్కీ డయోడు అడిగితే నల్లటి 4007 ఒకటి తీసి, "డయోడంటే డయోడేనండి, అన్నీ ఒకటే" అని సమదృష్టి ప్రదర్శించాడు. వేదాంతంలో ఒకటే కావచ్చు. 4007 మన ఇంటి కరెంటు తీరుకి, సెకనుకి 50 సార్లు ఊగేదానికి పుట్టింది. ఇక్కడ సెకనుకి లక్షసార్ల పైన తలుపు తెరిచి మూయాలి. అది మూసేలోపు వచ్చిన కరెంటు వెనక్కి వెళ్ళిపోతుంది. పైగా దారి సుంకం కింద ముప్పాతిక వోల్టు దగ్గర్లో నొక్కేస్తుంది. 1.1 వోల్టు ఉన్నవాడి దగ్గర ముప్పాతిక వోల్టు సుంకం! షాట్కీ అయితే అందులో సగంతో సరిపెట్టుకుంటుంది. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ ఉంది, మద్రాసులో రిచీ స్ట్రీటు ఉంది, అడిగినవి అడిగినట్టు గుప్పెళ్ళతో పోస్తారు. ఐదు రూపాయల డయోడు కోసం పాలకొల్లులో నరసాపురం ఎక్స్‌ప్రెస్సు ఎక్కి రాత్రంతా ప్రయాణం చెయ్యాలి. పై బెర్తు.

ఇక్కడ నాకు జిల్లాభిమానం పొంగుకొస్తుంది, క్షమించాలి. ఎలక్ట్రానిక్సుకీ మనకీ సంబంధం లేదా అంటే, అయ్యగారి సాంబశివరావు గారిదే ఊరండీ? మోగల్లు. 1914లో పుట్టారు. మనం ఏ.ఎస్.రావు అంటాం. కాశీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో చదివి, హోమీ భాభా గారి దగ్గర చేరి, ట్రాంబేలో అణు రియాక్టర్లకి కావలసిన ఎలక్ట్రానిక్ సరంజామా ఈ దేశంలోనే చేసి చూపించిన మనిషి. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ మొదలైతే దాన్ని నిలబెట్టిందాయన. మీ ఇంట్లోనో మీ మావగారింట్లోనో ఒకప్పుడు చెక్కపెట్టెలో ఈసీ టీవీ ఉండే ఉంటుంది, అది ఆ చెట్టు కాయే. రియాక్టరుకి మీటర్లు బిగించినాయన పుట్టిన నేల మీద నాలుగు మండలాలు తిరిగితే వంద మైక్రో హెన్రీల కాయిలు దొరకలేదు. దోమలది దొరికింది.

మా బావమరిది ఇదంతా విని నవ్వాడు. ఆకివీడు వైపు రొయ్యల చెరువులున్నాయి వాడికి. "బావగారూ, మీది ట్యాంకు. పొర్లితే వడియాలు తడుస్తాయి. మాది చెరువు" అన్నాడు. మాట నిజమే, ఒప్పుకోవాలి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీళ్ళలో నాచు ఆక్సిజన్ తయారు చెయ్యదు, రొయ్యలతోపాటు అదీ పీలుస్తుంది. తెల్లారగట్ల ఆక్సిజన్ అట్టడుక్కి దిగుతుంది. సరిగ్గా ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే కొన్ని గంటల్లో పంట కష్టమంతా తేలిపోతుంది. అలాంటి చోట కరెంటు పోగానే అరిచే పెట్టె నెలల తరబడి నోరు మూసుకుని కూర్చుని, ఆ ఒక్క రాత్రి తప్పకుండా అరవాలి. నెలల తరబడి కూర్చుని తినకుండా ఉండాలి. అంటే వాడిదీ నా గోడే, కాస్త లక్షల్లో. వాడేం చేశాడంటే గట్టు మీద మంచమేసి ఓ మనిషిని పెట్టాడు. ఆ మనిషి క్వయిసెంట్ కరెంటు రాత్రికి మూడు టీలు, ఒక బీడీకట్ట.

సరే, కాయిలు దొరక్క మూడుకాళ్ళ మనిషిని వదులుకుని, మళ్ళీ ఎంసీపీ1640 దగ్గరికే వచ్చాం. దానికి బయట డయోడు అక్కర్లేదు, లోపలే ఉన్న రెండో స్విచ్చు ఆ పని చూసుకుంటుంది. కాయిలు కూడా 4.7 మైక్రో హెన్రీలు చాలు, ఐసీతోపాటే తెప్పించుకోవచ్చు. మూడు మిల్లీమీటర్ల పొడవు, ఆరు కాళ్ళు, మేనల్లుడు అంటించగలనన్నాడు. అప్పుడు తెలిసింది, ఈ పేరుతో నలుగురున్నారని. తోక లేనిది ఒకటి, తోకగా బీ, సీ, డీ ఉన్నవి మూడు. మామూలు బూస్ట్ కన్వర్టరుకి ఓ దురలవాటుంది. పని ఆపమని చెప్పినా సెల్లు నుంచి కాయిలూ డయోడూ గుండా అవతలికి దారి తెరిచే ఉంటుంది, మీరు ఆపాననుకుంటారు, అది కారుతూనే ఉంటుంది. తోక లేనిదీ, బీ ఆ దారి పూర్తిగా తెంచేస్తాయి. సీ, డీ కావాలనే సెల్లుని అవతలికి కలిపి ఉంచుతాయి. తోక లేనిదీ, సీ అవతల పని తగ్గితే ఓ కునుకు తీస్తాయి. బీ, డీ పనున్నా లేకపోయినా తిరుగుతూనే ఉంటాయి. ఈ నాలుగు ముక్కలు నేను బట్టీపట్టి, తోక లేనిది కావాలని రెండుసార్లు రాసి డబ్బు కట్టాను. బీ వచ్చింది. అమ్మినవాళ్ళని అడిగితే "సేమ్ ఐసీ సార్" అన్నారు. ఆడపిల్లకి పట్టుచీర ఒక రంగు అడిగితే ఇంకో రంగు పంపి 'సేమ్ చీరండీ' అనమనండి చూద్దాం, పెనుగొండ బజార్లో నిలబడి.

తిప్పి పంపించి, మళ్ళీ కట్టి, సరైనది వచ్చింది. కవరు చింపేటప్పుడు ఫ్యాను కట్టించాను, కిటికీలు మూయించాను, తుమ్ములు నిషేధించాను. మేనల్లుడు భూతద్దం కింద ఊపిరి బిగబట్టి ఆరు కాళ్ళూ అంటించాడు. సొరుగులోంచి 1.1 వోల్టు సెల్లు ఒకటి పెట్టాం. మల్టీమీటరు 3.29 చూపించింది. మా ఆవిడ "నే చెప్పలా, ప్రాణం ఉందని" అంది. చెప్పిందండి, కాదనను.

డబ్బా మేడ ఎక్కింది. నీళ్ళు నిండితే గంట మోగుతోంది, నిజంగానే మోగుతోంది. అయితే తక్కువ కరెంటుతో మోగే గంట తక్కువగానే మోగుతుందట. ఇంట్లో టీవీ, మిక్సీ, కుక్కరు ఈలల మధ్య మా ఎవరి చెవినా పడదు. శబ్దం పెంచాలంటే కరెంటు పెంచాలి, కరెంటు పెంచాలంటే పెద్ద కన్వర్టరు పెట్టాలి, పెద్దది పెడితే అది కూర్చుని ఎంత తింటుందో మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుకోవాలి. ఇన్నాళ్ళూ బండి నడిచిందంటే, మేడ మీదే వడియాల కాపలా కూర్చునే పక్కింటి పిన్నిగారికి మాత్రం ఆ కుయ్ వినిపించేది. విని, పిట్టగోడ దగ్గరికొచ్చి, "బాబూ, మీ పిట్ట కూస్తోందర్రా, మోటారు కట్టండి" అని కేకేసేవారు. ఆ కేకకి అరవీధి లేచేది. నిన్న పొద్దున్న ఆవిడ పెట్టె సర్దుకుని కూతురి దగ్గరికి హైదరాబాదు బయల్దేరారు, మళ్ళీ సంక్రాంతికి గానీ రారట. హైదరాబాదులో ఎక్కడండీ అని అడిగాను, మర్యాదకి.

ఏ.ఎస్.రావు నగరట.